తలా ఒక ఉద్ధరిణె

మందు సీసా మీది అల్యూమినియం మూత ఊడదీసినప్పుడు, కింద ఉన్న రబ్బరు బిరడా నుంచి ఒక వాసన వస్తుంది. ఎండలో వేడెక్కిన సైకిలు ట్యూబు వాసనకు దగ్గరగా ఉంటుంది. ఒక్క క్షణం నిలిచి, స్పిరిటు దూది తగలగానే పోతుంది. ఈ ఉదయం నా దగ్గర శిక్షణకు వచ్చిన అమ్మాయి మూత తీస్తూ, ఆవరణలో నిలిచిన గేదెల వైపు చూసి, "మేడమ్, మందు చాలేట్టు లేదు. తలా రొంత తగ్గించి ఏద్దామా?" అని అడిగింది. ఆలోచించకుండానే జవాబు చెప్పాను. చెప్పిన తరువాత గానీ ఆ జవాబు నాది కాదని తోచలేదు. మాటలే కాదు, వాటి విరుపు కూడా శంకరప్ప డాక్టరుదే.

పశువైద్య సహాయకుల డిప్లొమా చదువుతున్నప్పుడు నన్ను పని నేర్చుకోవడానికి మా తాలూకాలోని ఒక చిన్న పశువుల ఆసుపత్రికి పంపారు. అక్కడి డాక్టరు ఆయన. సన్నటి మనిషి. చొక్కా జేబులో పెన్నుకు బదులు చుట్టచుట్టిన దర్జీ టేపు ఉండేది. ఇంట్లో కన్నడం, రైతులతో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేవారు. మొదటి రోజు ఒక గేదెను చూపించి బరువెంత అని అడిగారు. "సుమారు నాలుగు వందల కిలోలు సార్" అన్నాను.

"సుమారా? సుమారు అనేది సంతలో చెప్పుకోపో. ఈడ కాదు" అని టేపు నా చేతిలో పెట్టారు. ముందుకాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలత తీయించారు. భుజం నుంచి తుంటి ఎముక దాకా పొడవు తీయించారు. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, ఆరు వందల అరవైతో భాగించమన్నారు. కొలతలు అంగుళాల్లో ఉంటే వచ్చేది కిలోల్లో బరువు. గేదె యజమాని మాత్రం నన్ను అనుమానంగా చూశాడు. "ఏందమ్మా, కసాయోడు కొల్చినట్ల కొలుస్తాండావు? దాన్ని బతికించను తెచ్చినానా, కోయించను తెచ్చినానా?" డాక్టరు నవ్వలేదు. "కసాయోడు తప్పు కొలిస్తే వానికి నష్టమప్పా. ఈ పాప తప్పు కొలిస్తే నీకు నష్టం. సుమ్నె నిలుచుకో" అన్నారు. సుమ్నె అంటే ఊరికే.

ఆ టేపు వెంట నడిచిన లెక్కే నా చదువు. కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు, ఒక మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాములు, అందుచేత సిరంజిలోకి ఎంత. మూడు అంకెలను నోటితో పైకి చెప్పనిదే ఆయన నన్ను సూది ముట్టనిచ్చేవారు కారు. సీసా మారితే లెక్క మళ్ళీ మొదటి నుంచి. నిన్న వాడిన మందే కదా అంటే ఒప్పుకునేవారు కారు. "నిన్న చదివింది నిన్నటి సీసా" అనేవారు.

మా వైపు ఒక అలవాటు ఉంది. పశువును తోలుకొని ఆసుపత్రి దాకా వచ్చినవాడు సూది వేయించకుండా వెనుదిరగడు. మందు అవసరం లేదంటే డాక్టరుకు పని రాదనుకుంటాడు. అందుకని చాలాచోట్ల ఉన్న మందును అందరి పశువులకూ కొంచెం కొంచెం వేసి పంపుతారు, ఎవరూ నొచ్చుకోరు. శంకరప్ప డాక్టరు అలా చేసేవారు కారు. ఒకసారి తెక్కలకోట నుంచి వచ్చిన ముసలాయన, "పక్కోని ఎద్దుకు ఏసిన దాంట్లో మిగిలింది నా ఎద్దుకు రొంత ఎయ్యప్పా, నీ సొమ్మేం పోతాది?" అని బతిమాలాడు. "ఇది గుళ్ళో తీర్థం కాదప్పా, తలా ఒక ఉద్ధరిణె పొయ్యడానికి. సగం మందు అంటే సగం జబ్బు పోవడం కాదు. మందూ పోతాది, పశువూ పోతాది" అన్నారు. ముసలాయన తిట్టుకుంటూ పోయాడు. నేను ఆ మాటను శాస్త్రంగా నమ్మాను. దాని వెనుకనున్న మనిషిని అంతకంటే ఎక్కువగా నమ్మాను.

తొలకరి తరువాత కాలువ కింది ఊళ్ళలో గొంతువాపు మొదలైంది. గేదెకు ఉదయం జ్వరం వస్తే మరునాటికి గొంతు వాచి, గురక పెట్టి చచ్చిపోయే జబ్బు అది. హచ్చొళ్ళి దగ్గరి మా ఊరికి డాక్టరుతో పాటు నేనూ జీపులో వెళ్ళాను. బడి ముందర గేదెలు వరుస కట్టి ఉన్నాయి. సల్ఫా మందు సీసాల అట్టపెట్టె దించి, ఎన్నింటికి వస్తుందో లెక్క చెప్పమన్నారు. నాలుగు వందల కిలోల గేదెకు నూట ఎనభై మిల్లీలీటర్లు నరానికి ఎక్కించాలి. ఉన్న మందు వరుసలో సగానికి మించి రాదని చెప్పాను. గొంతు వాచి గురక పెడుతున్నవాటిని వదిలేయమన్నారు. వాటికి ఎక్కించినా దండగ. జ్వరం మాత్రమే ఉన్నవాటికి, నిలిచిన వరుసలో, పూర్తి మోతాదు. అది కఠినమైన నిర్ణయమే, కానీ సరైనది. ఊరివాళ్ళు గోల చేసినా ఆయన కదలలేదు.

మా చిన్నమ్మ ఆలస్యంగా వచ్చింది. పొద్దున్నే క్యాంపులో నాట్లకు పోయింది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించేవాళ్ళ ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. కబురు అంది, మోకాళ్ళ దాకా బురదతో, గేదెను తోలుకొని వచ్చింది. ఉన్నది ఆ ఒక్క గేదె. దాని పాలతోనే ఆమె ఇల్లూ, నా చదువూ నడిచాయి. గేదెకు జ్వరం ఉంది, గొంతు ఇంకా వాయలేదు. బతికే రకం. అప్పటికి అట్టపెట్టెలో ఆఖరి సీసా మందు ఎవరిదో గేదెకు ఎక్కుతోంది.

"దాంట్లో రొంత నా బర్రెకు పొయ్యప్పా. నీ కాళ్ళు మొక్కుతా" అంది చిన్నమ్మ. డాక్టరు నా వైపు చూశారు. చెప్పవలసింది నేనని ఆ చూపుకు అర్థం.

"సగం మందు పనిచెయ్యదు చిన్నమ్మా. రెండూ పోతాయి" అన్నాను.

"పెట్టెలో ఇంగ లేదా?"

"లేదమ్మా, అయిపోయింది. నేను మాత్రం ఏం జేస్తా" అన్నారు డాక్టరు.

చిన్నమ్మ గేదె ముఖం మీద తడి కొంగు వేసి ఇంటికి తోలుకుపోయింది.

తిరుగు దారిలో జీపు సిరుగుప్ప రోడ్డు మీద ఒక రైసుమిల్లు వెనుక ఆగింది. మిల్లు యజమాని మాట మీద తాలూకాలో ఉద్యోగుల బదిలీలు జరుగుతాయని అందరికీ తెలుసు. షెడ్డులో సంకరజాతి ఆవులు నెమరు వేస్తున్నాయి. వాటి కళ్ళు తేటగా, ముట్టెలు తడిగా ఉన్నాయి. ఒక్కదానికీ జ్వరం లేదు. డాక్టరు డ్రైవరు సీటు కింద నుంచి ఒక గుడ్డసంచీ లాగారు. అందులో రెండు నిండు సీసాలు ఉన్నాయి. అదే సల్ఫా.

టేపు జేబులోనే ఉండిపోయింది. బరువు అడగలేదు, అంకెలు చెప్పించలేదు. ఒక్కొక్క ఆవుకు కొంచెం కొంచెం ఎక్కించుకుంటూ పోయారు. "అన్నిటికీ పడినట్లేనా డాక్టరే? ఏదీ మిగల్లేదు కదా?" అని మిల్లాయన అరుగు మీద నుంచే అడిగాడు. "అన్నిటికీ అయ్యింది సావుకారే" అన్నారు ఆయన. ఆ గొంతు నాకు కొత్త.

జీపు కదిలాక, "ఇవి జబ్బువి కావు కదా సార్" అన్నాను.

ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే చెప్పారు. "పోయిన తడవ ఇట్లే పిలిస్తే రానంటి. బీదర్ అంచుకు బదిలీ ఏసినారు. ఇంట్లో ఆమెకు వైద్యం ఈడ జరగతాండాది. నీకు అర్థం కాదులేమ్మా."

అర్థం కాకపోవడమేమీ లేదు. భయం అర్థమైంది. ఆ రెండు సీసాలనూ ఉదయమే పక్కకు తీసి, ఆ తరువాత నా చేత లెక్క కట్టించి, "అయిపోయింది" అని నా చిన్నమ్మకు చెప్పడమే ఇప్పటికీ అర్థం కాదు. నా లెక్కలో తప్పు లేదు. ఆయన నాకు ఇచ్చిన మొత్తమే తప్పు.

జీపును వెనక్కి తిప్పమని అడగలేకపోయాను. తిప్పినా సంచీలో ఏమీ మిగలలేదు. మరునాడు పాలు పితికే వేళకు గేదె చచ్చిపోయింది. చిన్నమ్మ నన్ను ఓదార్చింది. "నీ మాట కరెక్టే అమ్మీ. మందే లేకపాయె, ఆ సారు మాత్రం యాడనుంచి తెస్తాడు?" నేను నోరు విప్పలేదు. గేదె పోయిన దుఃఖం మీద ఇంకో దుఃఖం వేయడానికి చేతులు రాలేదు. ఈనాటికీ ఆయన పేరు వస్తే ఆమె, "మంచోడు. ఉండేది ఉండేట్ల చెప్పె" అంటుంది. ఆ మెచ్చుకోలు విన్న ప్రతిసారీ నా నాలుక మీద చేదు పేరుకుంటుంది.

శిక్షణ ముగిసినప్పుడు నన్ను ఆయన కంటే బాగా ఎవరూ పొగడలేదు. ఆయన పోయారని కబురు వచ్చినప్పుడు నేను పనిలో ఉన్నాను. ఏడుపు రాలేదు. చేతిలోని సీసా మీది అంకెలు ఇంకొకసారి చదువుకున్నాను. ఒక అబద్ధికుడి దగ్గర నేర్చుకున్న సత్యం సత్యం కాకుండా పోతే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. అప్పుడు ఆయన మాటను వదిలేసి బతకవచ్చు. కానీ సగం మోతాదు నిజంగానే మోతాదు కాదు. ఆ మాట మీద పశువులు బతుకుతున్నాయి. వదలడానికి వీలులేదు.

అందుకే ఈ ఉదయం ఆ అమ్మాయితో, "ఇది తీర్థం కాదమ్మా, తలా ఒక ఉద్ధరిణె పొయ్యడానికి" అన్నాను. అయితే ఏ ఊరికి వెళ్ళినా, మొదటి పశువును ముట్టకముందే నేను చేసే పని ఒకటుంది. సీసాలన్నీ అందరూ చూసేట్టు బల్ల మీద నిలబెడతాను. జీపు తలుపులు తెరిపిస్తాను. సంచీని బోర్లించి దులుపుతాను. ఈ రోజు కూడా దులుపుతుంటే, ముందు వరుసలో గేదె తాడు పట్టుకున్న ఒక అవ్వ పకపకా నవ్వింది.

"ఏందమ్మా, సంచీ దులిపి చూపిస్తాండావు? నిన్ను దొంగ అని ఎవరన్నా అంటిరా?"

"ఎవరూ అనలేదవ్వా" అన్నాను. సంచీని తిరగేసి, అడుగు కుట్టు కనబడేలా ఇంకొకసారి దులిపాను.