మూడు పిలుపులు

కొవ్వూరు కోర్టులో బంట్రోతు వరండాలోకి వచ్చి కక్షిదారు పేరు మూడుసార్లు పిలిచేవాడు. మూడో పిలుపుకీ పలక్కపోతే కేసు పోయినట్టే. ఆ భయంతో మా చిన్నాన్న కొడుకు ఏళ్ల తరబడి టీకి కూడా ఆ వరండా దిగలేదు.

వాడి తగాదా గోదావరి లంకలో ఎకరన్నర మీద. వరదకు కోసుకుపోయి మళ్లీ మేట వేసిన ఆ నేల వాడిదా, పక్క రైతుదా అన్నదే సంగతి. కింది కోర్టుల్లో మావాడు గెలిచాడు. పక్క రైతు సుప్రీంకోర్టుకు వెళ్లి స్టే తెచ్చాడు.

విచారణ ఫోన్లో చూడొచ్చని ప్లీడరు గారు చెప్పారు. ఆ రోజు మావాడు ఉతికిన పంచె కట్టుకుని మా ఇంటికొచ్చాడు. స్టే తీసేస్తే మర్నాడే నాటాలని రావులపాలెం నుంచి అరటి పిలకలు తెచ్చి నీడన పెట్టుకున్నాడు. నేను ఫోన్ బల్ల మీద నిలబెట్టాను. వాడు ఎదురుగా నిలబడ్డాడు.

"కూర్చోరా."

"కోర్టు కదా అన్నయ్యా."

నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని నేర్చుకున్నాను. ఆ ధీమాతో వాడి పేరు కోసం చెవులు రిక్కించాను. అక్కడ నంబర్లు పిలుస్తున్నారు. ఎవరో లేచి రెండు ముక్కలు మాట్లాడటం, జడ్జి గారు తలూపడం, తర్వాతి నంబరు. భోజనాల వేళకి తెర ఆగిపోయింది. ప్లీడరు గారికి ఫోన్ చేస్తే, మనది ఎప్పుడో అయిపోయింది, అవతలి ప్లీడరు గడువు అడిగితే ఎనిమిది వారాలు ఇచ్చారు అన్నారు. ప్లీడరు గారు ముందే చెప్పిన మా కేసు నంబరు నా చేతిలో కాగితం మీదే ఉంది. ఇద్దరం బంట్రోతు పేరు పిలుస్తాడని చూస్తున్నాం.

ప్రజల కోర్టని పేపర్లో రోజూ చదువుతాను. ఆ ప్రజల్లో ఒకణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఏం పోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"వాళ్లకి మనం కనపడ్డామా అన్నయ్యా?"

"లేదురా."

"మరి నేను పొద్దుట్నించీ నుంచున్నదెవరికి?"



సాయంత్రం నేను మావాడింట్లో ఉండగా పక్క రైతే గుమ్మంలోకొచ్చాడు. ఆయనా పొద్దున్నించీ ఫోన్ ముందే ఉన్నాడట.

"మన పేర్లు పిలవలేదేంటండీ?"

గడువు అడిగింది తన ప్లీడరేనన్న సంగతి మేం చెబితే తెలిసింది.

పిలకలు ఎనిమిది వారాలు ఆగవు. మావాడికి వేరే నేల లేదు. వాటి వైపు చూపించి, "పట్టుకెళ్లండి, ఎండిపోతాయి" అన్నాడు. ఆయన మొహమాటపడుతూనే బండి తెప్పించుకున్నాడు. మర్నాడు తన చేలో, గట్టు దాకా నాటాడు. గట్టుకివతల ఎకరన్నరలో తుంగ లేచింది.