ఆకుపచ్చ పిల్లకి కప్పిన శాలువా

మా తాతయ్య ట్రంకుపెట్టె నిండా శాలువాలు ఉండేవి. ఒక్కటీ ఆయన కొన్నది కాదు, అన్నీ సన్మానాల్లో కప్పినవే. చుట్టుపక్కల ఏ పండితుడికి సన్మానం తలపెట్టినా కమిటీవాళ్ళు ముందురోజు మా ఇంటికొచ్చి, "పంతులుగారూ, శాలువా ఏదైనా ఉందాండీ?" అని నసిగేవారు. తాతయ్య ఒకటి తీసి, దులిపి, ఇచ్చేవారు. ఏడాది తిరక్కుండానే అదే శాలువా ఇంకెవరి చేతులమీదుగానో మళ్ళీ ఆయన భుజాలమీదికి చేరేది. "వచ్చావా తల్లీ" అని దాన్ని పలకరించి మడత పెట్టేవారు.

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాల దగ్గర్నుంచి అమరకోశం దాకా, ఆఖరికి ఇంగ్లీషు కూడా, వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి తాతయ్యే చెప్పారు. గొప్పవాళ్ళను ఎలా గౌరవించాలన్నదీ ఆయన దగ్గర నేర్చుకున్నదే. శాలువా, పూలదండ, పళ్ళు. అంతకుమించి నాకు తెలియదు.

పెళ్ళయి సిడ్నీకి బయల్దేరుతుంటే నా పెట్టెలో ఒక శాలువా పెట్టారు. గంధం రంగు, ఎర్ర అంచు. "ఏ దేశమెళ్ళినా సన్మానించదగ్గ మనిషి ఒకరు తగలకపోరమ్మా. ఉత్త చేతులతో ఉండకు" అన్నారు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా బెదిరిపోతున్న రోజులవి. ఆ బెదురే మావారిని ఆస్ట్రేలియాకు రప్పించింది. పాత ప్రోగ్రాముల్లో రెండంకెలతో రాసిన సంవత్సరాలను వెతికి నాలుగంకెలు చేయడం ఆయన ఉద్యోగం. పొద్దున్నే దీపం పెట్టి, "ఎవరి భయంతోనో మా పొయ్యి వెలుగుతోంది, వాళ్ళను కూడా చల్లగా చూడు స్వామీ" అని దణ్ణం పెట్టుకునేదాన్ని.

సిడ్నీ శివారు వెస్ట్‌మీడ్‌లో ఆసుపత్రికి వెనకవైపు మా అద్దె ఫ్లాటు. కింది ఫ్లాటులో స్వీడన్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ పెద్దావిడ ఒక్కరే ఉండేవారు. భర్త పోయారు, పిల్లలు లేరు. నేను ఆంటీ అనేదాన్ని. నేను పెసరట్టు పట్టుకెళితే ఆవిడ ఏలకులు దంచి వేసిన బన్ను చేతిలో పెట్టేవారు. మా స్నేహం ఆ ఏలకుల వాసన దగ్గరే కుదిరింది. ఇంగ్లీషు ఇద్దరికీ పుట్టింటిది కాదు గనక ఒకరి తప్పులు ఒకరం పట్టేవాళ్ళం కాదు.

ఒక చలికాలం ఉదయం ఆంటీ పేపరు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. వాళ్ళ దేశపు పేరున్న చిత్రకారుడు ఒకాయన జీవితమంతా వేసిన బొమ్మలన్నీ తెచ్చి సిటీలో పెద్ద గ్యాలరీలో పెడుతున్నారట. ఆ సంగతి చెప్పి పేపరు మడిచారు. తర్వాత అసలు మాట చెప్పారు.

పందొమ్మిదేళ్ళప్పుడు ఒక చలికాలమంతా ఆవిడ ఆయన ముందు కుర్చీలో కూర్చున్నారట, బొమ్మ వేయించుకోవడానికి. అప్పటికి ఆయన్నెవరూ ఎరగరు. ఒకనాడు ఆయన పొగాకు తెచ్చుకోవడానికి బయటికెళ్ళినప్పుడు, ఈవిడ ఆగలేక లేచి వెళ్ళి బొమ్మ చూసుకున్నారు. ముఖం ఆకుపచ్చ. కళ్ళు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ముక్కు దోసకాయంత. కోటు తొడుక్కుని వచ్చేశారు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఓడెక్కి ఈ దేశం వచ్చి, పెళ్ళి చేసుకుని, ఇంత జీవితం గడిచినా అద్దం ముందు నిలబడ్డ ప్రతిసారీ ఆ ఆకుపచ్చ ముఖమే వెనకనుంచి తొంగి చూసేదట.

"నేను నిజంగా అలా ఉండేదాన్నా? అది తెలిస్తే చాలు" అన్నారు. "ఒక్కదాన్నే వెళ్ళలేను. నువ్వొస్తావా? మీ ఆయన చెప్పే కంప్యూటర్లు ఆగితే రైళ్ళు కూడా ఆగుతాయేమో. ఆలోపే పోదాం."

జీవితకాలపు కృషి, పెద్ద భవనం, పేపర్లో ప్రకటన. ఇవన్నీ వినగానే సన్మానసభ అని నాకు ఖాయమైపోయింది. మావారిని అడిగితే కంప్యూటరు మీంచి కళ్ళు తీయకుండా, "అవును, చాలా పెద్దాయన. శనివారం వెళ్దాం" అన్నారు. ఇంకేం కావాలి? శాలువా ఎవరికోసం ఇన్నాళ్ళు పెట్టెలో ఎదురుచూసిందో అర్థమైంది. పైగా పెద్దాయన ఆంటీని గుర్తుపట్టి, "అమ్మాయీ, నువ్వు చక్కగానే ఉండేదానివి" అని ఒక్కమాట అంటే ఆవిడ గుండెలో ముల్లు ఊడిపోదూ?

శుక్రవారం తెల్లచామంతులు తెచ్చి దండ గుచ్చాను. ఆపిళ్ళు, నారింజలు, అరటిపళ్ళు పళ్ళెంలో సర్ది పైన రంగుకాగితం చుట్టాను. కుంకుమ భరిణె మర్చిపోలేదు. రైల్లో నా సంచీ చూసి మావారు, వచ్చేటప్పుడు గుడికి వెళ్తామనుకుని ఊరుకున్నారట. ఆంటీ ఏమో పళ్ళన్నీ మధ్యాహ్నం భోజనానికి అనుకున్నారట. ముగ్గురం మూడు రకాలుగా నిశ్చింతగా ఉన్నాం.

గ్యాలరీ గుమ్మం దగ్గర కాపలా ఆయన ఆపాడు. పెద్ద మనిషి, తెల్లమీసాలు. పళ్ళూ పూలూ లోపలికి తీసుకెళ్ళకూడదన్నాడు, పురుగులు వస్తాయట. పెద్ద సంచులూ కోట్లూ కౌంటర్లో ఇవ్వాలన్నాడు. ఇవి నాకు కాదు, చిత్రకారుడికి అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన దండ వైపు, పళ్ళెం వైపు చూసి, ఎంతో మర్యాదగా, "అమ్మా, ఆయన ఇవాళ రావడం కష్టం" అన్నాడు.

"పోనీ రేపొస్తారా?"

ఆయన గోడవైపు చూశాడు. నేనూ చూశాను. గోడమీద మనిషెత్తు అక్షరాల్లో చిత్రకారుడి పేరు. కింద రెండు సంవత్సరాలు, వాటి మధ్య చిన్న గీత. ఆ గీత మా ఇళ్ళల్లో దండ వేసిన ఫోటోల కింద ఉంటుంది.

"ఏమండీ, ఆయన పోయారా?"

"పోయి చాలా ఏళ్ళయింది. నీకు తెలీదా?"

"పోయినాయనకి సన్మానం ఏమిటండీ?"

"సన్మానమని ఎవరన్నారు నీతో?" అని సంచీలోకి తొంగి చూసి, సంగతంతా అర్థమై, మావారు నుదురు పట్టుకున్నారు. "ఇంకా నయం, మేళం మాట్లాడలేదు."

నాకు ఆంటీ ముఖం చూడాలంటే బెరుకు వేసింది. అనవలసిన ఆ ఒక్కమాట ఇక ఎవరంటారు? ఆవిడేమో నవ్వుతున్నారు. "పోయాడని నాకు తెలుసు. అందుకే ధైర్యం చేసి వచ్చాను" అన్నారు.

దండా పళ్ళూ కౌంటర్లో ఇచ్చాం. శాలువా పండూ కాదు, పువ్వూ కాదు. దానిమీద కాపలా ఆయన దగ్గర నిబంధనేమీ లేదు. చేతిమీద వేసుకుని లోపలికి నడిచాను.

లోపల ఎర్రగుర్రాలు, మరుగుతున్న చారులాంటి సముద్రం, వంకాయరంగు పాదిరీలు. మావారు చేతులు వెనక్కి కట్టుకుని ప్రతి బొమ్మ ముందూ ఆగి, "ఈయన కలర్ సెట్టింగ్స్ ఎవరో మార్చేశారు" అని గొణుగుతూ నడిచారు. నాకు మాత్రం ఏమీ వింతగా తోచలేదు. నీలిరంగు దేవుళ్ళను, పదితలల రాక్షసుణ్ణి చూస్తూ పెరిగిన పిల్లని. ఆకుపచ్చ ముఖానికి జడుసుకునే వంశం కాదు మాది.

చిక్కేమిటంటే ఆ ముఖాలు ఒకటి కాదు, గోడగోడకీ ఉన్నాయి. ప్రతిదాని ముందూ ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు. దగ్గరికెళ్ళి చూసి, వదిలేసేవారు. "నేను కాదు. ఇది రొట్టెల కొట్టు అమ్మాయి." ఇంకొక గదిలో, "ఇదీ కాదు. ఇది వాళ్ళ అత్త. ఈవిడ నిజంగానే ఇలా ఉండేది." మావారికి కూడా పట్టుదల వచ్చేసింది. ముందుగా వెళ్ళి గదులు గాలించి, "అటు ఇంకో గ్రీన్ ఉంది ఆంటీ" అని కబురు తెచ్చేవారు. ఆఫీసులో తప్పుల్ని వెతికే అలవాటు ఊరికే పోతుందా?

చివరి గదిలో, మంటలార్పే ఎర్ర సిలిండరు పక్కన, చిన్న బొమ్మ. ఈసారి ఆంటీ నా చెయ్యి పట్టుకోనేలేదు. అప్పుడే నాకు తెలిసింది ఇదేనని.

కుర్చీలో పిల్ల. ఆకుపచ్చ ముఖం, నీలం పెదవులు. భుజాలు చెవుల దాకా ముడుచుకుపోయి, చేతులు రెండూ చంకల్లో దూర్చుకుని ఉంది. ఆంటీ చాలాసేపు నిలబడ్డారు. నేను మనసులో రామనామం అనుకుంటున్నాను. ఏమని ఓదార్చాలో ఇంగ్లీషులో కూడబలుక్కుంటున్నాను కూడా.

"ఆ గదిలో పొయ్యి ఉండేది కాదు" అన్నారు ఆంటీ. "కిటికీ తెరిచి పెట్టేవాడు, వెలుతురు కావాలని. నాకు చలి. ఎంత చలి అంటే... చూడు, చేతులెక్కడ పెట్టుకున్నానో. చలికి అలా అయిపోయాను. ఉన్నదున్నట్టే వేశాడు." ఇంకా దగ్గరికి వంగి చూశారు. "నేను వికారంగా లేను. గడ్డకట్టుకుపోయి ఉన్నాను, అంతే."

మావారు కూడా వంగారు. "మరి ముక్కు ఆంటీ?"

ఆవిడ తన ముక్కు తడుముకున్నారు. "ముక్కు నాదే" అన్నారు.

నవ్వుతున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు. కోటు కౌంటర్లో ఉండిపోయింది. పల్చటి జాకెట్టులో, ఆ ఏసీ గదిలో, ఆవిడ భుజాలు కూడా బొమ్మలో పిల్లలాగే ముడుచుకున్నాయి. ఎదురుగా ఒకరు వణుకుతున్నారు, పక్కన ఒకరు వణుకుతున్నారు, నా చేతిమీద తాతయ్య శాలువా ఉంది. బొమ్మకి కప్పడం కుదరదు కదా. మడత విప్పి ఆంటీకి కప్పాను. సభల్లో కప్పినట్టే, రెండు భుజాలూ నిండేలా, ఎర్ర అంచు ముందుకి వచ్చేలా కప్పి, నమస్కారం పెట్టాను.

మూలనున్న కాపలా అమ్మాయి గబగబా వచ్చి ఏం జరుగుతోందని అడిగింది. మావారు, "ఈవిడకి చలేసింది. చాలా ఏళ్ళ కిందట" అన్నారు. ఆ అమ్మాయి బొమ్మను చూసి, ఆంటీని చూసి, ఆంటీ ముక్కు దగ్గర ఆగి, వెనక్కి తగ్గింది. వెనకాల ఎవరో దంపతులు ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నట్టున్నారు, మెల్లగా చప్పట్లు కొట్టారు. మావారు కూడా కొట్టారు. సన్మానం అన్నాక చప్పట్లు లేకపోతే బావుండదు మరి.

బయటికొచ్చి గడ్డిమీద కూర్చుని పళ్ళు తిన్నాం. తెల్లమీసాలాయనకి ఒక నారింజ ఇచ్చాను. ఆపకపోతే నేను గోడకి దండ వేసేదాన్నే. ఆంటీ దండ కూడా అడిగి తీసుకుని, మెళ్ళో వేసుకునే రైలెక్కారు.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. దేవుడి దయవల్ల మావారి ఉద్యోగం కూడా ఆగలేదు. జనవరి ఇక్కడ ఎండాకాలం. ఆ ఎండకి రోడ్డుమీద తారు మెత్తబడుతున్న ఒక ఉదయం, ఆంటీ బన్నుల గిన్నెతో మెట్లెక్కి వచ్చారు, శాలువా కప్పుకునే. ఉక్కపోయడం లేదా అని అడిగాను. ఆ చలి కొంచెం కొంచెమే వదులుతోందన్నారు.

ఆ ఆదివారం తాతయ్యకి ఫోను చేశాను. ఆయన మొదట శాలువా సంగతే అడిగారు, తిరిగొచ్చిందా అని.

"లేదు తాతయ్యా. ఆవిడ విప్పట్లేదు. ఎండాకాలంలో కూడా."

అటువైపు ట్రంకుపెట్టె మూత కిర్రుమన్న చప్పుడు నాకు సముద్రాల ఇవతలికి వినిపించింది.

"అయితే ఇంకోటి పంపుతానుండు" అన్నారు తాతయ్య.