బియ్యం బస్తా అడుగున గుడ్డమూట

మా అమ్మ తుంటి ఎముక విరిగి ప్రొద్దుటూరు పెద్దాసుపత్రిలో నెల రోజులు ఉంది. ఆ నెలంతా మధ్యాహ్నం పూట మా ఇద్దరికీ అన్నం పెట్టింది ఆ ఊరి భార్యాభర్తలిద్దరు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆమె ఇంట్లో జాకెట్లు కుట్టేది. పొద్దున్నే ఇద్దరూ వంటకు దిగి, గుండిగలు ఆటోలో పెట్టుకుని వచ్చి, ఆసుపత్రి గేటు పక్కన రేకుల షెడ్డు కింద రోగులతో వచ్చినవాళ్ళకు వడ్డించేవాళ్ళు. అమ్మ ఇంటికి వచ్చాక నేనూ వాళ్ళింటికి కూరగాయలు తరగడానికి పోవడం మొదలుపెట్టాను. మామా, అత్తా అని పిలిచేదాన్ని.

అత్తకు భయం ఎక్కువ. పప్పు అడుగంటిందేమో, అన్నం పలుకైందేమో అని వడ్డన అయ్యేదాకా కొంగు నలుపుతూ నిలబడేది.

"మే, ఎవురన్నా బాగలేదని చెప్పినారా నీకు?" అని మామ కసురుకునేవాడు.

"ఊరికే పెడ్తాంటే ఎవురు చెప్తారయ్యా?" అనేది ఆమె.

మూడేళ్ళ కిందట, వానలు పడుతున్న రోజుల్లో, ఒక రైతు కుటుంబం బియ్యం బస్తా ఇచ్చి పోయింది. నాలుగు రోజులు దాన్నే వండాం. నాలుగో రోజు వడ్డన సగం అవుతుండగా మామను షెడ్డు దగ్గరే వదిలి, అత్తా నేనూ ఇంటికి వచ్చాం. ఆమె ఖాళీ బస్తా మడతపెడదామని పెరట్లో దులిపింది. చిన్న గుడ్డమూట ఒకటి కింద పడింది. ఒక పక్క చిరిగి ఉంది. అందులోంచి బూడిదలాంటి పొడి రాలింది.

బియ్యానికి పురుగు పట్టకుండా కొందరు బస్తాల్లో విషపు మందు బిళ్ళ గుడ్డలో కట్టి పెడతారు. అది నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె వంగి వాసన చూడబోతే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

"అందురూ తినేసింటారు," అంది.

మామకు ఫోన్ చేసింది నేనే. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "ఆ మూట కవర్లో ఏసుకోని బిరీన రాండి. నేను డాక్టరు తాన ఉంటా," అన్నాడు.

మేం పోయేసరికి షెడ్డుకు సరుకులు పంపే అంగడాయన మామను పక్కకు లాగి మాట్లాడుతున్నాడు. "నోర్మూసుకోని ఉండప్పా. ఎవురికీ ఏం కాలేదు గదా. చెప్తే రేపట్నించి నీ గడప తొక్కేటోడు ఉండడు. కేసు పెట్టినా పెడ్తారు."

మామ చెమట తుడుచుకున్నాడు. "తిన్నోళ్ళకు తెలియాల గదప్పా," అన్నాడు అంతే.

డాక్టరమ్మ మూట చూసింది. ఎన్నాళ్ళ నాటిదో, ఎన్నిసార్లు కడిగి వండామో అడిగింది. మందు చాలావరకు ఆవిరైపోయి ఉంటుందని, అయినా సాయంత్రం దాకా అందరినీ కనిపెట్టి ఉండాలని చెప్పింది. వార్డు వార్డుకూ తిరిగాం. వీరపునాయునిపల్లె నుంచి వచ్చిన ఒకామె బిడ్డను ఒళ్ళోకి లాక్కుని, "ఊరికే పెడ్తారని ఇసం గూడా తినాల్నా?" అని అరిచింది. అత్త చేతులు జోడించి అక్కడే నిలబడిపోయింది. నేనే ఆమెను కదిలించాను.

ఆ రోజు అన్నం తీసుకున్నవాళ్ళందరూ దొరికారు, ఇద్దరు తప్ప. తొండూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు. ఆయన కాలికి కట్టు. ఆ రోజే డిశ్చార్జి అయి, దారిలో తింటామని రెండు పొట్లాలు అడిగి తీసుకున్నారు. జమ్మలమడుగులో చుట్టాల ఇంట్లో సంచీ తీసుకుని పులివెందుల బస్సు ఎక్కుతామని అన్నట్టు మామకు గుర్తు.

ఆసుపత్రి దగ్గర ఎవరో ఒకరు ఉండాలని మామ ఆగిపోయాడు. అత్తా నేనూ ఆటోలో జమ్మలమడుగుకు బయలుదేరాం. దారి పొడుగునా ఆమె ఒక్కటే అడిగింది: "ఇప్పటికి తినింటారా?" ప్రతిసారీ తినుండరులే అన్నాను. టైం రెండున్నర దాటింది. తినకుండా ఎందుకుంటారు?

బస్టాండులో వాళ్ళు లేరు. పులివెందుల బస్సు అప్పటికే పోయింది. మామ తనతో పనిచేసినవాళ్ళకు ఫోన్లు చేసి ఆ బస్సు కండక్టరు నంబరు పట్టుకున్నాడు. నేను చేస్తే రెండుసార్లు కలవలేదు. మూడోసారి కలిసింది. కాలికి కట్టున్న మనిషి ఎక్కాడా అని అడిగాను. ఫోన్ ఆ ఇల్లాలి చేతికి వెళ్ళింది.

"అన్నమా? అప్పుడే తింటిమి గదమ్మా. శానా బాగుండాది. ఏమైంది?"

అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఏడుస్తూనే అంతా చెప్పింది.

అటువైపు ఆమె మొగుణ్ణి ఏదో అడిగింది. తర్వాత, "ఈయప్ప ఇందాకే కక్కినాడు. బస్సు పడదనుకుంటి," అని వినిపించింది.

కండక్టరు వాళ్ళను పులివెందులలో ఆసుపత్రి ముందే దింపాడు. మేం అదే ఆటోలో అక్కడికి చేరేసరికి ఎండ వాలిపోయింది. అంతసేపూ అత్త కిటికీ లేని ఆ ఆటో కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. లోపలికి పోతే ఆయన మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పరీక్ష చేశారట, ఏమీ లేదన్నారట. ఎప్పుడు బస్సెక్కినా కక్కుకునే మనిషేనట. అత్త గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. ఆ ఇల్లాలే ఆమెకు నీళ్ళు తాపించింది.

ప్రొద్దుటూరులోనూ ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మరుసటి రోజు వడ్డనకు నలుగురే వచ్చారు. మామ గేటు దాకా పోయి పిలిచాడు. కొందరు తల తిప్పుకున్నారు. మళ్ళీ పంక్తి నిండడానికి రెండు నెలలు పట్టింది. అన్నం మిగిలిన రోజు అత్త గుండిగ మూత తీసి చూసేది కాదు.

ఇప్పుడు అత్త వచ్చిన బియ్యమంతా ముందు దుప్పటి మీద పోసి, గుప్పెడు గుప్పెడు వేళ్ళతో ఏరుతుంది. వంట కాగానే తను ఒక ముద్ద తిని, గంట గడిచేదాకా గుండిగలు ఆటో ఎక్కనివ్వదు. మొదట్లో మామ కోప్పడ్డాడు. తర్వాత ఆయనా పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టాడు. వారానికి రెండు మూడు రోజులు నేనూ వాళ్ళతో తింటాను. ముగ్గురం వంటింటి గడియారం కేసి చూస్తూ, ఎవరి కడుపులో ఏం కదిలినా అది భయమేలే అని పక్కవాళ్ళకు చెప్పకుండా, ఆ గంట కూర్చుంటాం.