ప్లీహం లేని మోటారు మేస్త్రి

మోటారు మేస్త్రి నిచ్చెన మీంచి పడిన సంగతి ఆయనకంటే బాగా ఎవరూ చెప్పలేరు. "నిచ్చెన ఎక్కేటప్పుడు కింద ఒకరు పట్టుకోవాలని ముప్పై ఏళ్లుగా జనానికి చెబుతున్నది నేనే. ఆ రోజు నా నిచ్చెన ఎవరూ పట్టుకోలేదు. ఎందుకంటే నేను మేస్త్రిని కదా!" అని తానే ముందు నవ్వేస్తాడు. నీళ్లట్యాంకు గోడ అంచు ఎడమ పక్కటెముకల కింద గట్టిగా తగిలింది. లోపల ప్లీహం చితికిపోతే, డాక్టరమ్మ దాన్ని తీసేసి ప్రాణం నిలబెట్టింది.

ఇంటికి పంపేటప్పుడు ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "ప్లీహం గుప్పెడంత ఉంటుంది. పాతబడిన ఎర్ర రక్తకణాలను ఏరి విరగ్గొట్టి, వాటిలోని ఇనుమును మళ్లీ వాడకానికి పంపుతుంది. కాస్త రక్తం దాచి ఉంచుతుంది. రక్తంలో దూరిన క్రిములను పట్టుకుంటుంది. పాత కణాల పని కాలేయం చూసుకుంటుంది లెండి. క్రిములతోనే ప్రమాదం. రెండు వారాలు కాగానే టీకాలు వేయించుకోండి. జ్వరం వచ్చిందా, ఉన్నపళంగా రండి. గంటల్లో ముంచేస్తుంది."

ఇంత చెబితే మేస్త్రి చెవికెక్కింది ఒక్కటే, కాలేయం చూసుకుంటుందన్న ముక్క. ఆయన విప్పి బిగించిన ప్రతి మోటారుకూ ఒకటో రెండో మరలు మిగిలేవి. మోటారు తిరిగిందా, తిరిగింది. ఇంకేం కావాలి? "నాక్కూడా ఒకటి మిగిలింది, అంతే" అని తన రిపేరు కొట్టుకి వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. టీకాల చీటీ గ్రీజు డబ్బా కింద నాలుగు నెలలు పడుంది. భార్య రోజూ అడిగేది. ఆయన రోజూ రేపనేవాడు.

ఒక మధ్యాహ్నం ఎవరిదో మోటారు కాయిలుకు రాగి తీగ చుడుతుండగా ఒళ్లు వణికింది. చుట్లు లెక్కపెట్టే మీటరు ఎప్పుడో చెడిపోయింది. అందరి సామానూ బాగుచేసే పెద్దమనిషికి తన మీటరు చూసుకునే తీరిక లేకపోయింది! అందుకని నోటితోనే లెక్క. మధ్యలో ఎవరు పిలిచినా పలకడు. లెక్క తప్పితే మొత్తం విప్పి మొదటికి రావాలి. అన్నం క్యారేజీ తెచ్చిన భార్య ఆయన మెడ మీద చెయ్యి వేసి చూసింది.

"అయ్యో, కాలిపోతోందండీ! లేవండి."

"నూట పన్నెండు... నూట పదమూడు..."

"జ్వరమొస్తే డాక్టరమ్మ ఏం చెయ్యమంది?"

"నూట పద్నాలుగు..."

పళ్లు టకటకా కొట్టుకుంటున్నా లెక్క తప్పలేదు. ఆ క్షణాన తనంత పనిమంతుడు లేడని మురిసిపోయాడు కూడా. అంత గొప్ప బుర్ర ఆయనది! ఆవిడ బల్ల మీది కటింగ్ ప్లయర్ తీసుకుని, తీగను పుటుక్కున తెంపేసి, ఆయన్ని రెక్క పట్టుకుని బండెక్కించింది.

దారిలోనే ఆయనకు తెలివి తప్పింది. మూడో రోజు కళ్లు తెరిచేసరికి, "ఇంకో గంట ఆలస్యమైతే నా చేతుల్లో ఉండేది కాదు" అని చెప్పి వెళ్లింది డాక్టరమ్మ. మేస్త్రి భార్య వైపు తిరిగాడు.

"కాయిలంతా పాడుచేశావు కదే" అని ఎప్పటిలాగే నవ్వించబోయాడు.

ఆవిడ నవ్వలేదు. "ఆ మోటారు తెచ్చినాయన నిన్ననే వచ్చి దాన్ని పట్టుకెళ్లాడు. ఇంకో మేస్త్రిని చూసుకున్నాడు" అంది. ఆయన మీద దుప్పటి సర్దింది. "నేనెక్కడికి పోయి తెచ్చుకోనండీ, మిమ్మల్ని?"

మేస్త్రికి చచ్చేంత సిగ్గేసింది. ఆవిడ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"భయమేస్తోందే" అన్నాడు చివరికి.

"నాకు నాలుగు నెలల నుంచీ వేస్తోంది" అంది ఆవిడ.