మద్దిలేటి కుడికాలు

ఉదయం ఏడు నలభైకి హెలికాప్టర్ మమ్మల్ని దించింది. రెక్కలు ఆగలేదు. ఆ ఎత్తులో ఇంజన్ ఆపితే మళ్లీ అంటుకుంటుందన్న నమ్మకం లేదు. ముగ్గురం వంగి దిగాం, ముగ్గురు వంగి ఎక్కారు. ఎక్కేవాడొకడు నా చెవిలో అరిచాడు: "కాళ్లు చూసుకోండి." నిమిషంలో అంతా నిశ్శబ్దం.

పోస్టు పేరు రాయను, రాయకూడదు. ఉత్తరాన, పదిహేడు వేల అడుగుల పైన, ఒక మంచుగుట్ట వీపు మీద ఉంది. ఫైబర్ గుడిసెలు రెండు. కిరోసిన్ పొయ్యిలు రెండు. మనుషులం తొమ్మిది మంది. పగలు సున్నాకి దిగువన పద్దెనిమిది డిగ్రీలు, తెల్లవారుజామున ముప్పై రెండు. కాపలా మనిషికి గంట చొప్పున. మొత్తం తొంభై రోజుల డ్యూటీ.

నేను హవల్దార్‌ని, సెక్షన్ కమాండర్‌ని. ఆరుగురి కాళ్లకు నాది పూచీ. రోజూ సాయంత్రం ఐదింటికి ఒక్కొక్కడి బూట్లు విప్పించాలి, మూడు జతల సాక్సులు తీయించాలి, పది వేళ్లనూ టార్చి వేసి చూడాలి. చూసి, 'బాగున్నాయి' అని సంతకం పెట్టాలి. తేడా ఉంటే వెంటనే నర్సింగ్ అసిస్టెంటుకు చెప్పాలి. ఇంత సులువైన ఆర్డరు నా ఇరవై ఏళ్ల సర్వీసులో మరొకటి లేదు.

నాతో దిగినవాళ్లలో ఒకడు మద్దిలేటి, మా మెషిన్‌గన్ జవాను. మా ఊరివాడే. ఆత్మకూరు దాటి నల్లమల వైపు పోతే వస్తుంది మా ఊరు. వాడు నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న. పోస్టులో వాడొక సిపాయి, ఊళ్లో మాత్రం వాడి లెక్కే వేరు. మా కబడ్డీ జట్టుకు కూతగాడు. అవతలి కోర్టులోకి కూత పెడుతూ పోయి, నేలకు ఆనేంతగా వంగి, కుడికాలు చాచి, వేళ్ల కొసతో ఒకణ్ణి తాకి, వాళ్లు కళ్లు ఆర్పేలోగా గీత దాటి ఇవతల ఉండేవాడు. చేత్తో తాకేవాళ్లు ఊరికి పది మంది. కాలితో అట్లా తాకేవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

మీకు మా ఊరి పిచ్చి కూడా చెప్పాలి. ఉగాదికి కన్నడ భక్తులు శ్రీశైలానికి నడిచిపోతూ మా ఊళ్లో ఆగుతారు. ఆ రోజుల్లోనే పోటీలు. బయటి ఊళ్ల నుంచి ఇద్దరు ఆటగాళ్లను తెచ్చుకోవచ్చు. తెచ్చుకోదలిస్తే ముందుగా మనుషులు పోయి ఆకులు, వక్కలు, కొత్త పంచె పెట్టి తాంబూలం ఇచ్చి రావాలి. వాడు తాంబూలం అందుకున్నాడంటే ఆ ఏడు ఇంకో ఊరికి ఆడడు. ఇచ్చిన ఊరు కూడా వెనక్కి తగ్గకూడదు, పెళ్లి కుదిరినట్టే. అందుకని ఎవరికి ఇవ్వాలన్న గొడవ మా ఊళ్లో మూడు నెలల ముందే మొదలవుతుంది. వాన పడకపోతే నోరు మూసుకుని ఉండే మనుషులు, బద్వేలు కూతగాడి తొడ బలం గురించి చొక్కాలు పట్టుకుంటారు. ఎవరినో అంటున్నానని అనుకోవద్దు. అందరిలోకీ పెద్ద పిచ్చోణ్ణి నేనే.

పోస్టులో ఆదివారం పదకొండింటికి శాటిలైట్ ఫోను ఇచ్చేవాళ్లు. మనిషికి ఐదు నిమిషాలు. అందరూ ఇంటికి చేసేవాళ్లు. నేనూ మద్దిలేటీ మా ఐదూ ఐదూ కలుపుకుని తిరుపాలు ఎరువుల అంగడికి చేసేవాళ్లం. తిరుపాలు మా జట్టు పెద్ద. ఆదివారం ఆ అంగట్లో ఊరంతా ఉంటుంది, ఫోను స్పీకర్లో పెడతాడు. నా భార్య ఈ సంగతి ఈనాటికీ ఎత్తిపొడుస్తుంది. ఎత్తిపొడవాల్సిందే.

మొదటి ఆదివారం మాటలు ఇవి.

"ఏమప్పా ఓబులేసూ, చలి ఎట్లుండాది?" అన్నాడు తిరుపాలు.

"చలి సంగతి ఇడిసిపెట్టన్నా. తాంబూలం ఎవురికి ఇస్తాండారు?" అన్నాను నేను.

వెనకనుంచి ఎవడో అరిచాడు: "బద్వేలోనికే ఇయ్యల్ల! వాని మాదిరి కూత ఈ చుట్టుపక్కల యాడ ఉండాది?"

"వాడు రెండో ఆటకే రొప్పుతాడు. ఇద్దర్నీ పట్టు పట్టేవాళ్లనే తెద్దాం. కూతకు మన మద్దిలేటి లేడా?" అని ఇంకొకడు.

"మద్దిలేటి వస్తాడో రాడో! యాడనో మంచులో ఉండాడు. ఒరలో రెండు కత్తులు ఇమడవు, ఎవుడో ఒకణ్ణి తేల్చండప్పా."

మద్దిలేటి నా చేతిలోని ఫోను లాక్కున్నాడు. "వస్తాండా అన్నా. సెలవు మంజూరైనాది. పండగకు నాలుగు దినాల ముందే ఊళ్లో ఉంటా. నా తావు మాత్రం ఎవురికీ ఇయ్యొద్దండి."

వాడికి అక్క పెళ్లి, ఇల్లు కట్టడం, ప్రమోషను, ఏదీ అంత ముఖ్యం కాదు. ఆ తావు ముఖ్యం. నాకది అర్థమైంది. అర్థం కావడమే నేను చేసిన తప్పు.

ముప్పై నాలుగో రోజు, గురువారం. మూడు రోజుల గాలి తర్వాత ఆకాశం తెరిపిచ్చింది. పక్క పోస్టుకు పోయే దారి వెంట కట్టిన తాళ్లు సరిచూడాలని తెల్లవారుజామున ఐదు పదికి నలుగురం బయల్దేరాం. ఏడు గంటలప్పుడు మద్దిలేటి కాలి కింద మంచుపెళ్ల విరిగింది. కుడికాలు మోకాలి దాకా దిగింది, కింద నీళ్లున్నాయి. లాగేశాం. "బాగుండా, నడవండి" అన్నాడు. తొమ్మిదిన్నరకు గుడిసె చేరాం. సాక్సులు మార్చుకున్నాడు, టీ తాగాడు, ఏమీ అనలేదు.

సాయంత్రం ఐదింటికి టార్చి వేశాను. కుడికాలి మూడు వేళ్లు కొసలు తెల్లబడి, మైనంలా గట్టిగా ఉన్నాయి. గోటితో నొక్కాను.

"తెలుస్తాందా?"

"ల్యా."

"చెప్పల్ల రా. పోయి ఇప్పుడే చెప్పల్ల."

నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఈ ఆదివారం తాంబూలం తీర్మానం చేస్తాండారు. ఇప్పుడు కిందికి దింపితే నా సెలవంతా ఆస్పత్రిలోనే పోతాది. బద్వేలోనికి ఇచ్చేస్తారు. మూడు దినాలు ఆగన్నా. మనూరి కాపడం పెడితే సర్దుకుంటాది."

నేను 'బాగున్నాయి' అని సంతకం పెట్టాను.

మనూరి కాపడం అంటే ఏమిటో చెప్తాను. కబడ్డీ ఆడేవాడికి కాలు పట్టేసినా, వేలు మొద్దుబారినా ఒకటే వైద్యం. రాళ్లుప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెడతాం. ఆ తర్వాత ఆముదం పోసి గట్టిగా రుద్దుతాం. నా కాళ్లు అట్లా బాగుపడ్డాయి, మా నాయన కాళ్లు అట్లా బాగుపడ్డాయి. మా సీమ ఎండలో అది వైద్యమే. మంచు కొట్టిన కాలికి అది నిప్పు. రుద్దొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు, డాక్టరు చెప్పకుండా ఏమీ చేయొద్దు అని పైకి పంపే ముందు మాకు రెండు వారాలు నేర్పారు. పరీక్ష పెట్టారు. నేను పాసయ్యాను. పాసై, వంటవాడి దగ్గర ఉప్పు అడిగి తెచ్చి, సాక్సులో మూటకట్టి, కిరోసిన్ పొయ్యి మీద వేడిచేశాను. ఆముదం సీసా మద్దిలేటి సంచిలో ఊరి నుంచే వచ్చింది.

గురువారం అరగంట. శుక్రవారం అరగంట. శనివారం ముప్పావుగంట. చర్మం ఎర్రబడితే, రక్తం తిరుగుతోందని ఇద్దరం సంబరపడ్డాం.

"ఏమీ తెలియడంల్యా అన్నా. ఇంకొంచెం వేడి పెట్టు" అనేవాడు.

ఆ మాటకు నా బుర్ర పనిచేయాలి. చేయలేదు. ఇంకొంచెం వేడి పెట్టాను.

ఆదివారం ఆరింటి కాపలాకు వాడి కాలు బూటులో దూరలేదు. నర్సింగ్ అసిస్టెంట్ మలయాళీ, నెమ్మదస్తుడు. సాక్సు కత్తిరించి చూశాడు. ఐదు వేళ్లూ బొబ్బలెక్కి, కొసలు నల్లబడి ఉన్నాయి. చాలాసేపు చూసి నావైపు తిరిగాడు.

"హవల్దార్ సాబ్, చలి మూడు వేళ్ల కొసలనే పట్టింది. మిగతాదంతా కాలిన గాయం. ఎవరు కాల్చారు?"

"నేను."

పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్ రేడియో దగ్గర కూర్చున్నారు. "కుడికాలు. నడవలేడు. హెలికాప్టర్ కావాలి." కింది నుంచి జవాబు: "గాలి ఎక్కువగా ఉంది. రేపు ఉదయం దాకా వేచి ఉండండి." సాబ్ నన్ను ఒక్క మాట అనలేదు. చెంప మీద కొట్టి ఉంటే నాకు కాస్త తెరిపిగా ఉండేది.

పదకొండింటికి ఫోను నా చేతికి వచ్చింది. నేను తిరుపాలుకు చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ తెలియదు. గుడిసెలో అందరూ ఉన్నారు. మద్దిలేటి నాకు మూడడుగుల దూరంలో పడుకుని ఉన్నాడు. ఆ ఫోనులో మాట గట్టిగా వినిపిస్తుంది.

"తిరుపాలన్నా, మద్దిలేటి పండగకు రాడు. కాలు మంచు కొట్టినాది."



"అయ్యో పాపం" అన్నాడు తిరుపాలు. తర్వాత అడిగాడు: "ఏ కాలప్పా?"

"కుడికాలు."

"కుడికాలా! వాని ఆటంతా ఆ కాలే గదప్పా!" అని వెనకనుంచి ఒకడు.

"నేను అప్పుడే చెప్పినా, బద్వేలోనికి ఇచ్చేయండని. ఇన్నారా ఎవురన్నా?"

"ఈపాటికి వాణ్ణి నంద్యాలోళ్లు పట్టేసింటారు."

"బండి తీయండి, ఈ పొద్దే పోదాం పాండి."

గుండెకాయలు లేని నా కొడుకులు. వాడు బతికున్నాడా అని అడగలేదు, నొప్పి ఉందా అని అడగలేదు, వాళ్లమ్మకు చెప్పమంటారా అని అడగలేదు. సంతలో ఎద్దు కుంటిదైతే ఇంకో ఎద్దు చూసుకున్నట్టు చూసుకున్నారు. నేను అరిచాను.

"ఒరే, వాడు ఈడనే ఉండాడు! మీరు మాట్లాడేదంతా ఇంటాండాడు!"

తిరుపాలు గొంతు సవరించుకున్నాడు. "మద్దీ, ధైర్యంగా ఉండు నాయనా. ఏమనుకోవద్దు, దినాలు ల్యావు. నువ్వే చెప్పు, ఎవురికి ఇయ్యమంటావు?"

నేను ఫోను కట్ చేయబోయాను. మద్దిలేటి చెయ్యి చాచి ఆపాడు. కాసేపు పైకప్పు వైపు చూశాడు.

"బద్వేలోనికే ఇయ్యండన్నా. ఎడమపక్క శానా బాగా పోతాడు."

సోమవారం ఎనిమిదింపావుకు హెలికాప్టర్ వచ్చింది. వాణ్ణి వీపు మీద మోసింది నేనే. నూట నలభై అడుగులు. మధ్యలో రెండుసార్లు ఆగాను. దారిలో వాడు ఒక్కటే అన్నాడు: "నువ్వేం చెప్పొద్దన్నా. నేనే దాచినా అని చెప్తా." అట్లాగే చెప్పాడు, విచారణలో రాతపూర్వకంగా కూడా ఇచ్చాడు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. నాకు ప్రమోషను పోయింది. చాలా తక్కువ శిక్ష. చలి కొట్టినప్పుడే దింపి ఉంటే ఆ మూడింటిలో రెండు వేళ్ల కొసలే పోయేవేమో అన్నాడు ఆస్పత్రి డాక్టరు. ఐదు వేళ్లూ తీసేశారు.

మిగిలిన యాభై మూడు రోజులు పూర్తిచేశాను. రోజూ ఐదింటికి అందరి కాళ్లూ చూశాను. ఆ ఏడు ఉగాదికి బద్వేలు కూతగాడు మా ఊరికి కప్పు తెచ్చాడని ఫోనులో విన్నాను.

మరుసటి ఏడు సర్వీసు ముగించుకుని, పండగకు వారం ముందు ఊరు చేరాను. బస్సు దిగి ఇంటికి కూడా పోలేదు. పెట్టె పట్టుకుని నేరుగా ఎరువుల అంగడికి పోయాను. ఏడాదిగా కడుపులో పెట్టుకున్న తిట్లన్నీ వాళ్ల మొహాన కొట్టాలని. పోయేసరికి అదే గుంపు, అదే గొడవ. వెళ్లగానే మొదలుపెట్టాను.

"సిగ్గుండాదా మీకు? వాని కాలు పోయిన దినం బండి తీసుకోని పరిగెత్తినారు గదా! మనుషులా మీరు?"

గుంపు నడుమ, యూరియా మూట మీద కూర్చున్న మనిషి తల ఎత్తాడు. మద్దిలేటి. ఇరుకు జాగాలో కుడికాలు ముందుకు చాపుకుని ఉన్నాడు.

"నువ్వు అరిస్తే నాకు వేళ్లు మొలుస్తాయా అన్నా? కూర్చో. పట్టుకు ఆత్మకూరోణ్ణి తేవల్లని ఈళ్లు అంటాండారు. నాకు వాని నడుము మీద నమ్మకంల్యా. నువ్వేమంటావు?"

నేను పెట్టె కింద పెట్టాను. కూర్చున్నాను. నా కోపం ఎక్కడికీ పోలేదు. వాళ్ల మీద ఉన్నదంతా నా వైపు తిరిగింది, అంతే. ఆ అంగట్లో వాడి కాలు కాల్చినవాడు ఒక్కడే ఉన్నాడు.

పండగ రోజు ఉదయం ఆరున్నరకు గ్రౌండుకు పోయాను. కోర్టు మట్టిని తవ్వి, తడిపి మెత్తగా చేశారు. దారిలో భక్తులు భజన చేస్తూ శ్రీశైలం వైపు పోతున్నారు. కోర్టులో ఇద్దరే ఉన్నారు, మద్దిలేటీ, బద్వేలు కూతగాడూ. కుర్రవాడు మర్యాదస్తుడు. "అన్నా, కాలితో తాకేది ఒకసారి చూపించు. నాకు చేతకాల్యా" అని అడుగుతున్నాడు.

మద్దిలేటి దూది కుక్కిన బూటు విప్పాడు. మధ్యగీత దగ్గర మట్టి ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. కూత పెట్టాడు. ఊపిరి ఎక్కడా తగ్గలేదు. కుంటుతూనే పోయాడు, నేలకు వంగాడు, కుర్రవాడి పాదం వైపు కుడికాలు చాచాడు. చాచి, ఎప్పటిలాగే వెనక్కి జారి గీత మీద చెయ్యి వేశాడు.

"తగిలిందన్నా" అన్నాడు కుర్రవాడు.

మద్దిలేటి రొప్పుతూ మట్టివైపు చూశాడు.

"అబద్ధం చెప్పొద్దప్పా. తగల్ల్యా."

నేను దగ్గరికి పోయి చూశాను. ఇప్పుడు మీరు మంచు గురించి అడుగుతారు, తుపాకుల గురించి అడుగుతారు. కళ్లు మూస్తే నాకు అవేవీ కనిపించవు. తడిమట్టి కనిపిస్తుంది. అందులో బద్వేలు కూతగాడి పాదం, ఐదు వేళ్లూ స్పష్టంగా. దానికి ఇవతల, మూడు వేళ్ల ఎడంలో ఆగిపోయిన ఇంకో పాదం.