వాడ లేదని రాసిన చెయ్యి

పురపాలక నిబంధనల్లో వాడ అన్న మాటకు రెండు పంక్తుల నిర్వచనం ఉంది: పాతికేళ్లకు తక్కువ కాకుండా జనం కాపురముంటూ, ఒక పేరుతో పిలుచుకునే నివాస ప్రాంతం. ఆ రెండు పంక్తుల్లో ఇమిడినవాడికి మారు ఇల్లు చూపనిదే గోడ ముట్టుకోకూడదు. ఇమడనివాడిది ఆక్రమణ, అతనికి దక్కేది కూల్చే యంత్రం. మిల్లు వెనక ఉన్న అరవై రెండు ఇళ్లను పురపాలక సంఘం ఆక్రమణల పట్టీలో చేర్చింది. సాక్ష్యంగా ఒకే ఒక్క కవరు చూపింది.

ఇరవై ఎనిమిదేళ్ల నాటి కవరు. నీటి విభాగంలో ఉద్యోగం ఇస్తున్నామంటూ అక్కడి యువకుడికి పురపాలక సంఘమే పంపిన ఉత్తరం. "ఈ పేరుతో వాడ లేదు" అని ఎర్ర సిరాతో రాసి ఎవరో తిప్పి పంపారు. చిరునామాలో 'మిల్లు వెనక వాడ' అని రాసింది వారి గుమాస్తాయే కదా అని వాడ తరఫు ప్లీడరుగా అన్నాను. దరఖాస్తులో ఉన్నది ఎత్తి రాశాడని కొట్టిపారేశారు. పేదవాడు తన చోటుకు పెట్టుకున్న పేరు చెల్లదు. దాన్ని కొట్టేసిన ఎర్ర సిరా మాత్రం చెల్లుతుంది!

ఆ చేతిరాత ఎవరిదో నేను కనిపెట్టలేదు. ఆమే వచ్చి చెప్పింది.

ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడ తపాలా పంచే ఆమెను వాడంతా ఉత్తరాలక్క అంటుంది. ఇంటి నంబర్లు లేని ఆ సందుల్లో ఆమె మనుషుల వేళలను బట్టి దారి వేసుకుంది. రాత్రి కాపలా ముగించుకొని వచ్చిన వాచ్‌మన్ కునుకు తీయకముందే అతని ఇల్లు. చంటిపిల్ల పడుకున్నాక దర్జీ ఆవిడ ఇల్లు. నాలుగింటికి, రంపం పక్కన పెట్టే వేళకు, వడ్రంగి ఇల్లు. ఎవరు ఎప్పుడు దొరుకుతారో ఒక పుస్తకంలో పెన్సిలుతో, తేదీ వేసి రాసుకునేది. తలుపు సందులోంచి ఉత్తరం తోసి పోవడం ఆమెకు చేతకాదు.

"పదవీ విరమణకు నాలుగు నెలలుంది. ఈ సాక్ష్యం చెబితే మీ శాఖ ఊరుకోదు, అక్కా," అన్నాను.

"నువ్వు ప్లీడరువా, నా మేనత్తవా? అడగాల్సింది అడుగు, తల్లీ."

విచారణ గదిలో పురపాలక న్యాయవాది ధీమాగా అడిగాడు. "స్వయంగా వెళ్లి చూసే రాశారు కదా?"

"లేదండి. అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగు రోజులు. నా జాబితాలో ఆ పేరు లేదు. దారంతా మోకాలి లోతు బురద. సైకిలు దిగకుండానే రాసేశాను. వారం తిరక్కముందే ఆ అబ్బాయి వచ్చి, నా ఉత్తరమేదైనా ఉందా అన్నాడు. లేదన్నాను. ఆ సాయంత్రమే బురదలో దిగి ఇల్లిల్లూ తిరిగాను. ఈ పుస్తకంలో మొదటి పేజీ ఆ రోజుదే."

"అప్పుడు అబద్ధం రాశానంటున్నారు. ఇప్పుడు చెప్పేది నిజమని నమ్మడమెలా?"

"అబద్ధం వల్ల అప్పుడు నాకు బురద తప్పింది. ఈ నిజం వల్ల నా పింఛను పోవచ్చు. ఏది నమ్మాలో మీరే చూసుకోండి బాబూ."

ఆ అబ్బాయి ఇప్పటి వడ్రంగి. వెనక బెంచీ మీదే కూర్చుని అంతా విన్నాడు. మెట్ల దగ్గర ఆమెకు ఎదురుపడ్డాడు.

"ఇన్నేళ్లూ నా ఇంట్లో మంచినీళ్లు తాగావు కదక్కా."

"తాగాను తమ్ముడూ. గుక్క గుక్కకూ గొంతులో అడ్డం పడింది."

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. పెన్సిలు పుస్తకం ఆధారంగా అరవై రెండు ఇళ్లూ రికార్డులో వాడగా ఎక్కాయి. అదే వారం ఆమెకు తపాలా శాఖ సంజాయిషీ నోటీసు అందింది. ఆ సందుల మొహం చూడని పై అధికారులెవరికీ ఏ నోటీసూ రాలేదు. ఆమె తరఫున సమాధానం నేనే రాస్తున్నాను. మర్యాదగా రాయడం కష్టంగా ఉంది.

ఆమె మాత్రం నన్ను అడిగింది ఒక్కటే: ఆ కవరులోని ఉత్తరానికి ధ్రువీకరించిన నకలు. దాన్ని సంచిలో వేసుకొని, సరిగ్గా నాలుగింటికి వడ్రంగి గుమ్మం ముందు నిలబడింది. అతను రంపం పక్కన పెట్టి, చేతులు తుడుచుకొని అందుకున్నాడు. నిలబడే చివరిదాకా చదివాడు. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీశాడు.

"అందినట్టు సంతకం ఎక్కడ పెట్టాలక్కా?"