ఎంగిలి ముద్ద

దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికి ఉన్న ఇంట్లో, ఒక ఉదయం నా మూడేళ్ల కూతురి దిండు గలీబు పచ్చగా తడిసి కనిపించింది. వాసన చూశాను. చూడకుండా ఉండాల్సింది. కుళ్లిన చేప కంపు. పిల్ల ఎడమ చెవిలోంచి చీము కారుతోంది. కన్నబిడ్డ చెవి చూసి వాంతికొచ్చిందని చెప్పుకోవడం సిగ్గే, కానీ వచ్చింది.

నాకు ఎంగిలంటే మొదటినుంచీ ఒళ్లు జలదరింపు. మా ఇంట్లో ఎవరి గ్లాసు వాళ్లదే. బస్సులో పక్కనున్నవాళ్లు తుమ్మితే మధ్యలో దిగిపోయినదాన్ని. అలాంటి నా కళ్లముందే మా అత్తమ్మ జామకాయ కొరికి, ఆ ముక్క పిల్ల నోట్లో పెట్టేది. కొంగుతో దాని చీమిడి తుడిచి, అదే కొంగుతో తన మూతీ తుడుచుకునేది. ఛీ!

చీము చూసిన రోజు నోటికొచ్చినట్టు అనేశాను. "నీ ఎంగిలే దీని చెవికి పట్టింది అత్తమ్మా."

ఆమె మర్నాడే సంచి సర్దుకుని తుర్కయంజాల్‌లో చిన్న కొడుకు ఇంటికి వెళ్లిపోయింది. పీడ విరగడైందనుకున్నాను.

మందులకు చెవి ఆరింది. నెల తిరిగేసరికి మళ్లీ జలుబు. ఈసారి రెండు చెవులూ కారాయి. వెనకనుంచి పిలిస్తే పిల్ల తిరిగి చూడలేదు. గిన్నె మూత కింద పడేశాను, ఉలకలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎల్బీనగర్‌లో చెవుల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. "ముక్కు ఎనక, గొంతు పైభాగంల ఉండే కణాలకు గీ చీము పట్టించే బ్యాక్టీరియా బంక లెక్క అతుక్కుంటది. నీళ్లు తాగినా కొట్టుకపోదు. జలుబు చేసినప్పుడు పెరిగి, గొంతుల నుంచి చెవికి పోయే గొట్టం ఎక్కుతది. పిల్లలకు ఆ గొట్టం పొట్టిగుంటది," అందామె.

"ఎవరి నుంచి వచ్చింది మేడమ్?"

"గట్ల చెప్పలేం. పెద్దోళ్ల గొంతులల్ల కూడ ఉంటది, వాళ్లకేం కాదు. తుమ్ముల తోటి, ఎంగిలి తోటి పిల్లలకు పోతది. అన్నం ఎవరు తినిపిస్తరు?"

నేనే. ప్రతి ముద్దా ఊది, కారముందేమోనని నాలుకకు తాకించి, మిరపగింజ తగిలితే చప్పరించి తీసేసి, ఆ ముద్దే దాని నోట్లో పెడతాను. మూడేళ్లుగా రోజూ. తల్లి ఎంగిలి ఎంగిలి కాదని ఎవరూ చెప్పకుండానే నమ్మాను. గురివింద గింజ తన నలుపెరుగదంటారు, అది నేనే. అక్కడ కూర్చుని నా ఉమ్మి నేను మింగడానికి అసహ్యమేసింది.

ఇంటికి రాగానే ఫోన్ చేశాను. "తప్పు నాదే అత్తమ్మా. ఒచ్చెయ్."

"పోరికి ఇనొస్తున్నదా?" అదొక్కటే అడిగింది.

"చూడాలె అన్నరు."

పది రోజులు మందు వాడాక, ఆదివారం అత్తమ్మ వచ్చింది. గుమ్మం బయటినుంచి పేరు పెట్టి పిలిస్తే, పిల్ల బొమ్మ వదిలేసి పరుగెత్తింది. నాకు ఏడుపొచ్చింది. అత్తమ్మ మాత్రం దాన్ని ఎత్తుకోలేదు. ముందు సంచిలోంచి ఒక స్టీలు గ్లాసు, పళ్లెం తీసి కడిగి, మా గిన్నెలకు దూరంగా కిటికీలో పెట్టుకుంది.

"గివి నావి బిడ్డా," అంది నాతో. "పోరికి తాకనియ్య."